ఉష్ణోగ్రత ఎంతంటే ‘యస్’ అన్న ఫ్రిజ్

మా పాలిటెక్నిక్ జూనియర్ల వాట్సాప్ గ్రూపులో మొన్న ఒకమ్మాయి అడిగింది. “అక్కా, సీనియర్లు చెప్పినట్టే చేశాను. అయినా తప్పు నాదే అంటున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?” దాని కింద కొందరు ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకడు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. సమాధానం మాత్రం ఎవరూ పెట్టలేదు. నేను టైపు చెయ్యడం మొదలుపెట్టాను గానీ బొటనవేలు నొప్పెట్టింది. ఇలా తేలే వ్యవహారం కాదని కూర్చుని రాస్తున్నాను.

నేనేమీ పెన్షన్ తీసుకుంటున్న మనిషిని కాదు. కానీ ఢిల్లీ పక్కన నోయిడాలో ఒక ఆఫీసు నుంచి బయటపడ్డాను, దాని మటుకు రిటైరైనట్టే లెక్క. లోపలున్నన్నాళ్ళూ “యస్ సార్” తప్ప ఇంకో మాట రాలేదు. ఇప్పుడు చూడండి, ఆపేవాళ్ళు లేరు.

మా ఆఫీసులో తయారయ్యేది ఒక చిన్న పెట్టె. ఆసుపత్రుల్లో రక్తం నిల్వచేసే పెద్ద ఫ్రిజ్‌లుంటాయి కదా, వాటికి దాన్ని బిగిస్తారు. లోపల చల్లదనం ఎంతుంది, తలుపు వేసుందా, కరెంటు ఉందా అన్నవి కనిపెట్టి తెరమీద చూపించడం దాని పని. అక్కడున్న బీటెక్‌లందరి మధ్యా నేను డిప్లొమా దాన్ని. నా పని బిల్డు. అంటే, అందరూ రాసిన కోడు ముక్కల్ని ఒకచోట చేర్చి, కంపైల్ చేసి, అంటే యంత్రం భాషలోకి మార్చి, పెట్టెలోకి ఎక్కించి, “ఎక్కింది” అని మెయిల్ పెట్టాలి. ఎక్కకపోతే “ఎక్కలేదు” అని పెట్టాలి. రెండో మెయిల్ పెట్టినరోజు అందరూ నా సీటు దగ్గరికొచ్చి, నేనేదో కావాలని ఎక్కనివ్వనట్టు చూసేవారు.

ఆ కోడు మొత్తానికి గుండెకాయ ఒకే ఒక్క ఫైలు. దాన్ని రాసినాయన్ని అందరూ గురూజీ అనేవారు. ఎప్పుడో ఢిల్లీ జియా సరాయ్‌లో గది తీసుకుని, పక్కనున్న పెద్ద ఇంజినీరింగ్ కాలేజీలో చదివారట. ఆ సంగతి ఆయన చెప్పరు. చెప్పకుండానే అందరికీ తెలిసేలా కూర్చుంటారు. 

ఆ ఫైల్లో ఉన్నదాన్ని వేరియంట్ అంటారు. పేరు చూసి భయపడకండి, అదొక డబ్బా. అందులో ఒకసారికి ఒకటే సరుకు పడుతుంది. అంకె గానీ, యస్-నో గానీ, ఏదైనా మాట గానీ. డబ్బా చివర ఒక చీటీ ఉంటుంది, లోపలున్నది ఫలానా అని. తీసుకునేవాడు ముందు చీటీ చదివి, దాని ప్రకారం సరుకు తియ్యాలి. గురూజీ దాన్ని టెంప్లేట్‌గా రాశారు. అంటే డబ్బా చేసివ్వలేదు, డబ్బా అచ్చు ఇచ్చారు. ఎవరి ఫైలు కంపైలైనప్పుడు వాళ్ళ ఫైలు ఆ అచ్చులో తన డబ్బా తానే పోసుకుంటుంది.

డబ్బా ఎంత పెద్దదో చెప్పేది ఒక మాక్రో. అది ఒక పేరు అంతే. కంపైలరు పని మొదలుపెట్టేలోపే ఆ పేరు లేచిపోయి దాని చోట ఒక అంకె కూర్చుంటుంది. గురూజీ తన ఫైల్లో ఒక అంకె రాశారు. రాసి ఊరుకోక, దానిపైన ఒక మర్యాద లైను కూడా రాశారు. “నాకంటే ముందు ఎవరైనా సైజు చెప్పి ఉంటే అదే వాడుకో, చెప్పకపోతే నాది వాడుకో.” ప్రాజెక్టు మొత్తానికి ఒక్కచోట, ఒక్కసారి చెప్పుకుంటారని ఆయన ఉద్దేశం. పాపం, ఆ ఉద్దేశం ఆయన బుర్రలోనే క్షేమంగా ఉండిపోయింది. ఫైల్లోకి దిగలేదు.

మరి ఆయన్ని అడగొచ్చు కదా అంటారు. అడగాలంటే టికెట్ పెట్టాలి, అంటే కంప్యూటర్లో ఒక అర్జీ. టికెట్ పెడితే కొన్నాళ్ళకి జవాబొస్తుంది, “ఫైలు చదవండి” అని. ఫైలు చదివితే అర్థమయ్యేటట్టుంటే టికెట్ ఎందుకు పెడతాం? అందుకని జనం ఒక పద్ధతి కనిపెట్టారు. సరుకు డబ్బాలో పట్టలేదా? గురూజీ ఫైలు జోలికి పోవద్దు. నీ ఫైల్లోనే, గురూజీ ఫైల్ని పిలిచే లైనుకి పైన, నీకు కావలసిన సైజు నువ్వు రాసుకో. పక్కనే ‘టెంపరరీ’ అని ఒక కామెంటు తగిలించు. పని అయిపోతుంది. కొత్తగా ఎవరొచ్చినా వాష్‌రూమ్ ఎక్కడుందో చెప్పాక రెండోది ఇదే చెప్పేవారు.

ఇంకో ఆచారం కూడా ఉండేది. అట్టా మార్కెట్‌లో కొన్న ఒక గుడ్డ గాడిద. బూడిదరంగు, ఒక చెవి ఊగులాడుతూ ఉండేది. బిల్డు పాడైన రోజున, చివరగా ఎవరి చెయ్యి పడిందో వాళ్ళ టేబుల్ మీద దాన్ని కూర్చోబెట్టేవారు. కారణం ఏమిటన్నది తర్వాత సంగతి. ఆఖరి చెయ్యి ఎవరిదన్నదే ముఖ్యం. వంటంతా పదిమంది చేసి, వడ్డించినవాడి మీద కేసు పెట్టినట్టు.

ఈ గాడిదని ప్రవేశపెట్టిన మహానుభావుడు మా మేనేజర్ సార్. గుంటూరు వైపు ఆయన. ఢిల్లీ వచ్చి చాలా ఏళ్ళైంది. ఆయనకి నాతో పనుంటే తెలుగు వచ్చేది, నాకు ఆయనతో పనుంటే ఇంగ్లీషు వచ్చేది. “నేను కోడ్ రాసే రోజుల్లో...” అని ప్రతి మీటింగులో ఒక పురాణం విప్పేవారు. తెరమీద అంకెలు చూపించే మొట్టమొదటి ఫైలు ఆయన రాసిందే. ఆ తర్వాత ఇంకేమీ రాయలేదు, మెయిళ్ళు తప్ప.

అక్కడికొచ్చింది మా కరీంనగర్ పిల్ల. బీటెక్ చేసి, సివిల్స్ రాద్దామని ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో పీజీలో దిగింది. ప్రిలిమ్స్ పోయింది. ఇంటికి రమ్మని వాళ్ళ నాన్న గొడవ. ఆయన ఆర్టీసీలో కండక్టరు. మంచివాడే గానీ, కూతురు వేరే రాష్ట్రంలో ఊరికే ఉండటం ఆయనకి నచ్చలేదు. “ఉద్యోగం పక్కా అయిన కాయితం చూపియ్యి, ఉండు. లేకుంటే బండెక్కు” అన్నాడట. ఆ కాగితం రావాలంటే మా ఆఫీసులో ప్రొబేషన్ గడవాలి. ముఖర్జీ నగర్ నుంచి రోజూ మెట్రో మారి మారి నోయిడా వచ్చేది. దగ్గర్లో గది తీసుకోవచ్చు కదే అంటే, “కాయితం వచ్చినంక తీసుకుంట అక్కా, గప్పటిదాక సామాన్లు విప్పద్దు అనుకున్న” అనేది.

దాని మాట నాకు, నా మాట దానికి మొదట్లో వింతగా ఉండేది. నేను గోదావరి జిల్లా దాన్ని. నేను “ఏంటే” అంటే అది “ఏందక్కా” అనేది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పి కూర్చుంటే ఆ వరసంతా మాదే. మేనేజర్ సార్ అటు వెళ్తూ “ఆంధ్రా-తెలంగాణా సమ్మిట్టా?” అని ఇంగ్లీషులో నవ్వేవారు. మేం హిందీలో నవ్వేవాళ్ళం.

ఆ పిల్లకి ఒక పని అప్పగించారు. ఉష్ణోగ్రత అంకెనీ, అది చెప్పిన సెన్సర్ పేరునీ కట్టగట్టి, ఒకే సరుకుగా డబ్బాలో పెట్టి, తెరదాకా పంపాలి. పేరంటే పొడుగు. డబ్బాలో పట్టలేదు. పక్క సీటు సీనియర్ని అడిగింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, “పైన పెద్ద సైజు రాసుకో, టెంపరరీ అని పెట్టు” అన్నాడు. రాసుకుంది. నేను బిల్డు చేశాను. ఎర్ర గీత ఒక్కటీ రాలేదు. “ఎక్కింది” అని మెయిల్ పెట్టాను.

మర్నాడే ఒక ఆసుపత్రి నుంచి డాక్టర్ మేడమ్ చూడటానికొచ్చారు. వాళ్ళ రక్తనిధికి పెద్దావిడ. నేత చీర, కింద స్పోర్ట్స్ బూట్లు. హాల్లో ఫ్రిజ్, దానికి మా పెట్టె, చుట్టూ మేమంతా. మేనేజర్ సార్ పెళ్ళికూతురి ముసుగు తీసినట్టు స్విచ్ వేశారు.

తెరమీద వచ్చింది, “టెంపరేచర్: యస్.”

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అప్పుడు కూడా యస్సే.

మేనేజర్ సార్ గొంతు సవరించుకుని, “మేడమ్, సిస్టమ్ కన్ఫర్మ్ చేస్తోంది. టెంపరేచర్ ఈజ్ అవైలబుల్” అన్నారు. నేను పెదవి కొరుక్కున్నాను. నవ్వితే నా ఉద్యోగం కూడా అవైలబుల్ అయిపోయేది.

మేడమ్ హిందీలో చాలా నెమ్మదిగా, “భయ్యా, టెంపరేచర్ అనేది ఉంటుందని నాకు స్కూల్లోనే చెప్పారు. ఎంతుందో చెప్పమనండి” అన్నారు. ఫ్రిజ్‌ని ఒకసారి తట్టి, “ఏదడిగినా ఒప్పుకుంటోంది. పెళ్ళిచూపులకి కూర్చోబెట్టారా దీన్ని?” అని నవ్వారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. “ఇందులో రక్తం పెడతాం. చెడిపోయిన రక్తం ఎక్కిస్తే మనిషి పోతాడు. శుక్రవారం మళ్ళీ వస్తా. అప్పుడూ ఇదే యస్ అంటే, నేను నో అంటాను.”

మేనేజర్ సార్ లిఫ్టు దాకా వెంట వెళ్ళారు. లిఫ్టు తలుపు మూసుకునేలోపు ఆయన అన్నమాట మా అందరికీ వినిపించింది. “మేడమ్, దీనికి కారణమైన వ్యక్తి శుక్రవారానికి ఈ టీమ్‌లో ఉండరు. ఐ ప్రామిస్.”

వెనక్కొచ్చి నా దగ్గర ఆగారు. తెలుగు వచ్చేసింది. “ఏమ్మా, చివరి చెయ్యి ఎవరిది?”

చెప్పక తప్పదు, తెరమీద కనబడుతూనే ఉంది. గాడిదని ఆయనే స్వయంగా తీసుకెళ్ళి కరీంనగర్ పిల్ల టేబుల్ మీద పెట్టారు. మామూలుగా అందరూ చప్పట్లు కొట్టి నవ్వుతారు. ఆ రోజు నవ్వడానికి కూడా భయపడ్డారు. సైజు రాసుకోమన్న సీనియర్ హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. వాటి వైరు దేనికీ తగిలించి లేదు.

“నేనేం జేసిన అక్కా?” అంది పిల్ల. “అందరు రాసినట్టే రాసిన.”

“ఆ లైను తీసేసి చూడవే.”

తీసేసింది. కంపైలే అవలేదు. పేరు పొడుగు, డబ్బా చిన్నది. మళ్ళీ పెట్టింది. కంపైలైంది, ఫ్రిజ్ మళ్ళీ యస్ అంది. “చూశారా, ఈ అమ్మాయి లైను ఉంటేనే ఆ యస్ వస్తోంది” అని చుట్టూ ఉన్నవాళ్ళు తీర్పు చెప్పి టీకి వెళ్ళిపోయారు. హెచ్‌ఆర్ దీదీ వచ్చి, ఎంతో ప్రేమగా, శుక్రవారం సాయంత్రం ఒకసారి కలవమంది. హెచ్‌ఆర్ దీదీ ప్రేమగా మాట్లాడిందంటే ఆఫీసు పాస్ తిరిగిచ్చెయ్యమని అర్థం.

పిల్ల ఏడవలేదు. సొరుగులోంచి తన గ్లాసు, చార్జరు, ఒక అగర్‌బత్తీ పెట్టె తీసి సంచీలో వేసుకుంటోంది.

“ఏంటే ఇది, ఇంకా శుక్రవారం రాలేదు.”

“ఆనాడు అందరి ముంగట సర్దుకునుడు ఎందుకక్కా? ఇప్పుడే సర్దుకుంట.” సంచీ మూతి ముడేసి, “బాపుకు ఏమని చెప్పాలె? ప్రిలిమ్స్ పోతె మస్తుమందికి పోయింది అని చెప్పిన. దీనికి ఏమని చెప్పాలె?” అంది.

నాకు ఒళ్ళు మండింది. నాకు కోపమొస్తే తోచేది ఒకటే, ఎవరితోనైనా మాట్లాడాలి. ఎవరితో? గురూజీతో. టికెట్ పెడితే శుక్రవారం కాదు, హోలీ వెళ్ళిపోతుంది. కానీ నాకొక సంగతి తెలుసు. ఆయన ఆఫీసులో ఎవరితోనూ మాట్లాడరు గానీ, కింద టీ బండి దగ్గర ఎవరితోనైనా మాట్లాడతారు. చలికాలం, బయట పొగమంచూ పొగా కలిసి ఎదుటి బిల్డింగు కూడా కనబడదు. ఆ పొగలో నిలబడి అల్లం టీ తాగుతూ, బండి భయ్యాకి క్రికెట్ గురించి, పార్కింగ్ అబ్బాయికి ఇంగ్లీషు గ్రామర్ గురించి ఉచితంగా చెబుతుంటారు. మాకు మాత్రం టికెట్.

పిల్లని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఆయన అప్పుడే ఒక చిన్న మట్టికప్పు అందుకుంటున్నారు.

“గురూజీ నమస్తే. నాకో డౌట్. నేను డిప్లొమా దాన్ని, అర్థం కాదు. మీ డబ్బా ఎలా పనిచేస్తుందో మీ అమ్మగారికి చెప్పినట్టు చెప్పండి” అన్నాను హిందీలో. నా హిందీ గోదావరి హిందీ. ఆయన జాలిపడ్డారు.

“అమ్మకా? అమ్మకి ఫోన్ పెట్టెయ్యడం కూడా రాదు” అన్నారు. కానీ చెప్పడం మొదలుపెట్టేశారు. ఎవరికైనా చెప్పందే ఉండలేకపోవడం, అదే కదా ఆయన జబ్బు. బండి మీదున్న పెద్ద మట్టికప్పు ఒకటి తీసుకున్నారు. బిస్కెట్ కాగితం చింపి, అంచు దగ్గర అంటించారు. “ఇది డబ్బా. ఇదిగో చీటీ, ఎప్పుడూ పైన అంచు దగ్గర ఉంటుంది. లోపల టీ ఉందా, పాలున్నాయా అన్నది చీటీ చూసి తెలుసుకోవాలి.”

“అందరికీ చీటీ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?”

“డబ్బా ఎత్తు తెలుసు కాబట్టి తెలుస్తుంది, బేటా. ఎత్తు తెలిస్తే అంచు తెలుస్తుంది. ఎత్తు అందరికీ ఒకటే. నా ఫైల్లో ఉంది.”

పిల్ల అప్పుడు నోరు విప్పింది. ముఖర్జీ నగర్ హిందీ దానిది, నా కంటే ఎంతో నయం. “ఒకటే కాదు సర్. నా ఫైల్లో నా ఎత్తు రాసుకున్నాను, మీ ఫైల్ని పిలిచే లైను పైన.”

“నువ్వెందుకు రాసుకున్నావ్?”

“అందరూ రాసుకున్నారు సర్. ఎవరి ఎత్తు వాళ్ళది.”

“అందరూ అంటే?”

“మీరు తప్ప అందరూ.”

గురూజీ తన చేతిలో ఉన్న చిన్నకప్పుని తీసుకొచ్చి పెద్దకప్పు పక్కన ఆనించారు. చిన్నకప్పు అంచు దగ్గర వేలు పెట్టి, ఆ వేలిని అదే ఎత్తులో పెద్దకప్పు మీదికి జరిపారు. వేలు కప్పు నడుం దగ్గర ఆగింది. అక్కడ చీటీ లేదు, ఉత్త మట్టి. చీటీ దానికి బెత్తెడు పైనుంది.

“ఈ అమ్మాయి పెద్దకప్పులో పెట్టి పంపింది,” అన్నారు తనలో తాను. “తెర ఫైలు చిన్నకప్పు అనుకుని ఇక్కడ చూసింది. ఇక్కడ సున్నా ఉంది. సున్నా అంటే యస్-నో రకం. లోపలేదో ఉంది కాబట్టి... యస్.” ఆయన మొహం పాలిపోయింది. “ఇన్నాళ్ళూ మరి ఎలా పనిచేసింది?”

“ఇన్నాళ్ళూ ఎవరి డబ్బా వాళ్ళ ఫైల్లోనే తిరిగింది సర్, తెరకి ఉత్త అంకే వెళ్ళేది,” అంది పిల్ల. “నాదే మొదటిసారి బయటికొచ్చింది.”

అచ్చు ఒకటే, పేరు ఒకటే కాబట్టి అన్ని ముక్కల్నీ అతికించేటప్పుడు కూడా కంప్యూటరు కిక్కురుమనలేదన్నమాట. నేను రోజూ “ఎక్కింది” అని మెయిల్ పెడుతున్నది ఈ సంతకే.

గురూజీ టీ వదిలేసి పైకి పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం ఆ బిల్డింగులో ఎవరూ చూడలేదనుకుంటా, సెక్యూరిటీ గార్డు లేచి సెల్యూట్ కొట్టాడు.

సాయంత్రం అందర్నీ మీటింగ్ రూమ్‌కి పిలిచారు. మేనేజర్ సార్ మధ్య కుర్చీలో. గురూజీ ప్రొజెక్టర్‌కి తన లాప్‌టాప్ తగిలించి ఒకటే అడిగారు. “నా ఫైల్ని పిలిచే ముందు సొంత సైజు రాసుకున్నవాళ్ళు ఎవరు?”

సీనియర్లలో ఒక్క చెయ్యీ లేవలేదు. పిల్ల చెయ్యి ఒక్కటే లేచింది. “చూశారుగా” అన్నారు మేనేజర్ సార్.

గురూజీ వెతకమని మీట నొక్కారు. తెర నిండిపోయింది. ఫైలు తర్వాత ఫైలు, అంకె తర్వాత అంకె. పక్కన కామెంట్లు. ‘టెంపరరీ.’ ‘టెంపరరీ, రేపు తీసేస్తా.’ ‘దయచేసి ముట్టుకోవద్దు, ఎందుకో తెలియదు గానీ పనిచేస్తోంది.’ ‘పక్కనాయన ఇంత పెట్టాడు, సేఫ్టీకి నేను ఇంకాస్త.’ హెడ్‌ఫోన్స్ సీనియర్‌వి మూడు చోట్ల ఉన్నాయి. ఆయన గోడ మీద ఏసీ రిమోట్‌ని చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

“అన్నిటికంటే పాతది చూద్దాం” అన్నారు గురూజీ. తెర కిందికి జరిగి ఆగింది. అదే, అంకెలు చూపించే ఫైలు. ఫ్రిజ్ చేత యస్ అనిపించిన చిన్నకప్పు. రాసినవారి పేరు పక్కనే ఉంది. కామెంటు కూడా ఉంది. ‘టెంపరరీ. డెమో అయ్యాక తీసెయ్యాలి.’

ఏ డెమోయో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ అడగలేదు కూడా. అందరి తలలూ మేనేజర్ సార్ వైపు తిరిగి, మర్యాదగా మళ్ళీ టేబుల్ వైపు తిరిగాయి.

“ఓకే,” అన్నారు ఆయన. “ఐ థింక్, ఇట్స్ ఏ ప్రాసెస్ ఇష్యూ.”

పొద్దున పిల్ల లైను మనిషి తప్పు. సాయంత్రం అదే లైను సార్‌దైతే ప్రాసెస్ తప్పు. ఆ ప్రాసెస్ గారు ఎవరో, ఏ ఫ్లోర్‌లో కూర్చుంటారో, ఆయన టేబుల్ ఎంత పెద్దదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసుంటే గాడిదని ఎక్కడ పెట్టాలో తెలిసేది.

గురూజీ ఆ మర్నాడంతా కూర్చుని సొంత లైన్లన్నీ పీకేశారు. సైజు ఒక్కటే, ఒక్కచోటే, నేను బిల్డు చేసే ఆదేశంలోనే పెట్టించారు. ఎవరైనా తన ఫైల్లో మళ్ళీ వేరే సైజు రాస్తే బిల్డు అక్కడికక్కడే ఆగిపోయేట్టు ఒక తనిఖీ కూడా రాశారు. ఆగినప్పుడు తెరమీద ఏం రావాలో ఆయనే రాశారు, మాకు చెప్పలేదు.

ఇంత జరిగినా హెచ్‌ఆర్ దీదీ శుక్రవారం పిలుపు మాత్రం వెనక్కి తీసుకోలేదు. లిఫ్టు దగ్గర ప్రామిస్ చేశారు కదా. ఎవరో ఒకరు పోవాలి. ప్రాసెస్ గారు పోలేరు.

శుక్రవారం డాక్టర్ మేడమ్ అవే బూట్లతో వచ్చారు. మళ్ళీ స్విచ్ పడింది. తెరమీద నాలుగు డిగ్రీలు. పక్కన సెన్సర్ పేరు, పొడుగ్గా, పూర్తిగా. మేడమ్ తలుపు తెరిచారు, మూశారు, ప్లగ్ పీకారు, పెట్టారు. తన సంచీలోంచి తన సొంత థర్మామీటర్ తీసి లోపల పెట్టి, అది చెప్పిందీ ఇది చెప్పిందీ పోల్చి చూశారు.

“అచ్ఛా. మొన్న ఏమైంది మరి?”

మేనేజర్ సార్ సిద్ధంగా ఉన్నారు. “ఒక జూనియర్ చేసిన చిన్న పొరపాటు మేడమ్. సరిచేశాం. ఆ జూనియర్ కూడా...”

“మేడమ్ జీ,” అని వినిపించింది వెనకనుంచి. పిల్ల. సంచీ భుజానికే ఉంది. “ఆ జూనియర్ నేనే. నేను ఒక సైజు రాశాను, సార్ ఒక సైజు రాశారు. విడివిడిగా చూస్తే ఇద్దరం కరెక్టే. కలిస్తే తప్పు. మా ఇద్దరి మధ్యా ఎవరూ మాట్లాడుకోలేదు, అందుకని ఫ్రిజ్ అబద్ధం చెప్పింది.”

సార్ చెవులు ఎర్రబడ్డాయి.

మేడమ్ ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూశారు. “మా ఆసుపత్రిలో కూడా అంతే,” అన్నారు. “ఒక వార్డు ఒకటి రాస్తుంది, ఇంకో వార్డు ఇంకోటి రాస్తుంది, మధ్యలో పేషెంటు.” తర్వాత మేనేజర్ సార్ వైపు తిరిగి, “సంతకం పెడతాను. కానీ మా దగ్గర బిగించేటప్పుడు ఈ అమ్మాయి రావాలి. ఏం తప్పయిందో నాకు అర్థమయ్యేట్టు చెప్పింది ఈ అమ్మాయి ఒక్కతే” అన్నారు.

“ఆఫ్ కోర్స్ మేడమ్,” అన్నారు సార్. “షీ ఈజ్ అవర్ బెస్ట్ రిసోర్స్.”

హెచ్‌ఆర్ దీదీ సాయంత్రం పిలిచి ఇచ్చిన కాగితం కన్ఫర్మేషన్. పిల్ల నా సీటు దగ్గరికి తెచ్చి చదివింది. అందులో ఒక వాక్యం ఉంది, జరిగిన పొరపాటుని సంస్థ పెద్దమనసుతో మన్నించి మరో అవకాశం ఇస్తోందని.

“మాఫ్ చేసిన్రట అక్కా నన్ను,” అంది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం. “సార్‌ను గూడ చేసిన్రా?”

“సార్‌ని మాఫ్ చెయ్యాలంటే ఆయన తప్పు చెయ్యాలి కదే! ప్రాసెస్‌ని చేశారేమో.”

ఫొటో తీసి వాళ్ళ నాన్నకి పంపింది. ఆ వాక్యం దగ్గర వేలు అడ్డంపెట్టి తీసింది. వెంటనే ఫోనొచ్చింది. “మంచిగుంది బిడ్డా. గా వేలు ఎందుకు పెట్టినవ్?” అన్నాడట. కండక్టరు కదా, టికెట్ చూసే చూపు. “చెయ్యి వణికింది బాపూ” అంది. ఆ ఆదివారం నోయిడా పక్కనే ఇందిరాపురంలో మా అక్కావాళ్ళ వీధిలోనే గది చూసిపెట్టాను. సామాన్లు విప్పింది.

సోమవారం పొద్దున అందరికీ ఒక మెయిల్. మన ఆఫీసులో గౌరవప్రదమైన వాతావరణం కోసం గాడిద ఆచారాన్ని తక్షణమే రద్దు చేస్తున్నాం అని. ఎన్నో టేబుళ్ళ మీద కూర్చుని, ఎంతమంది కళ్ళలోనో నీళ్ళు తెప్పించిన గాడిద, సార్ క్యాబిన్ గుమ్మం దాకా వచ్చేసరికి అగౌరవమైపోయింది. పోనీలెండి, దాని అదృష్టం.

గ్రూపులో అడిగిన అమ్మాయీ, ఇదంతా చదివి నీకు సమాధానం దొరికిందో లేదో నాకు తెలియదు. సీనియర్లు చెప్పినట్టు చెయ్యి, చెయ్యక తప్పదు. కానీ చెప్పినప్పుడు కుర్చీలోంచి లేచి చెప్పమను. నలుగురూ వినేట్టు చెప్పమను. అలా చెప్పలేకపోతే అది సలహా కాదు, వాళ్ళ పాత పాపంలో నీకు వాటా.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. నేను ఆ ఆఫీసు మానెయ్యడానికి కొన్నాళ్ళ ముందు ఒకరోజు బిల్డు ఆగిపోయింది. గురూజీ తనిఖీకి దొరికిన మొదటి చేప. ఎర్ర అక్షరాల్లో ఆయన రాసిపెట్టిన మాట తెరమీదికొచ్చింది. “ఈ సైజు రాసినవారు వెంటనే నాతో కిందికొచ్చి చాయ్ తాగాలి.” కింద ఫైలు పేరు, మనిషి పేరు. మేనేజర్ సార్. పెద్దలకి ఏదో చూపించాలని ఇంటినుంచి స్వయంగా కోడ్ రాశారట. పక్కన కామెంటు, ‘టెంపరరీ.’

గురూజీ ఆయన క్యాబిన్ దాకా వెళ్ళి, ఏమీ అనకుండా తలుపు తెరిచి పట్టుకున్నారు. రాక తప్పలేదు. వెనకే పిల్ల, నేను, ఇంకో అరడజను మంది, హెడ్‌ఫోన్స్ సీనియర్‌తో సహా. సార్ ఆ బండి దగ్గరికి రావడం అదే మొదటిసారి. కోటు వేసుకుని, పొగలో, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు.

బండి భయ్యా ఆయన్ని ఎరగడు. మట్టికప్పులు రెండు సైజులవీ ఎత్తి చూపించి, “సాబ్, ఛోటా యా బడా?” అని అడిగాడు.

సార్ నోరు తెరిచేలోపు పిల్ల అందరి తరఫునా అందుకుంది.

“సబ్‌కా ఏక్ హీ సైజ్, భయ్యా.”